ఒట్టేసిన స్టీరింగు

మా ఆయన తాగుడు మానేసింది స్టీరింగు మీద చెయ్యేసి. దేవుడి పటం ముందు కాదు, నా నెత్తి మీద కాదు. ములకలపల్లి చుట్టుపక్కల బండి నడిపేవాళ్లలో అప్పట్లో అదొక పద్ధతి. అన్నం పెట్టేది అదే కాబట్టి ఒట్టయినా దాని మీదే వెయ్యాలి. మాట తప్పినవాణ్ణి ఏదో ఒక మలుపులో అదే చూసుకుంటుందని వాళ్ల నమ్మకం. మా పెళ్లయిన మూడో ఏడు ఒక పొద్దున ఆయన వాకిట్లో ఉన్న అంబాసిడర్ తలుపు తీసి, నన్ను పిలిచి, స్టీరింగు మీద కుడిచెయ్యి పెట్టి, "ఇగ ముట్ట" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని నేను నిలబడ్డాను. ఆయన తలుపు వేసేసి టైర్లలో గాలి చూసుకోవడానికి పోయాడు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే, పొదుపు.

నాకేమో కుదురు తక్కువ. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. మా పుట్టిల్లు తిరుమలాయపాలెం దిక్కు. చేలూ చెలకలూ తప్ప ఏమీ ఉండవు, ఎవరొస్తున్నా అల్లంత దూరం నుంచే కనబడతారు. పెళ్లయి వచ్చాక ఈ అడవి దారి చూస్తే నాకు ఊపిరాడేది కాదు. మలుపు తిరిగిన బండి ఏమైందో ఆ మలుపుకే తెలియాలి. ఆయన పోయినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉండేదాన్ని. పాత కుట్టుమిషను ఒకటి కొనుక్కున్నాక కొంచెం నయమైంది. కాళ్లు ఆడుతుంటే మనసు కాస్త ఆగేది. ఆ మీద ఆయన ఒట్టు కూడా వేశాడు కదా, నాలుగైదేళ్లు నిజంగానే నిమ్మళంగా ఉన్నాను.

ఎనభైల చివర్లో ఆ స్టీరింగే పట్టు తప్పింది.

మా బండి పొద్దున ములకలపల్లిలో బయల్దేరి పాల్వంచ మీదుగా భద్రాచలం పోయి మధ్యాహ్నానికి మళ్లీ తిరిగొచ్చేది. కిరాయి బండి అంటే ఒకరిద్దరు దర్జాగా కూర్చునే బండి అనుకోకండి. ముందు నలుగురు, వెనక ఏడుగురు, డిక్కీలో కోళ్ల గంప, ఆ గంప పక్కన చిక్కిపోయిన మనిషి ఎవరన్నా ఉంటే వాడు. తునికాకు కాలంలో ఆకు కట్టలు, ఎండాకాలంలో ఎండబెట్టిన ఇప్పపువ్వు. రోడ్డు పేరుకే తారు. అంత బరువుతో ఆ గుంతల్లో పడి లేస్తూ ఏళ్ల తరబడి తిరిగితే మనుషుల నడుములే ఆగవు, ఇనుము ఏమాగుతుంది.

ఆ బండిలో వారం వారం ఎక్కే అవ్వ ఒకామె ఉండేది. దారి మధ్యలో లోపలికి ఉన్న గూడెం ఆమెది. సంత రోజున చీపుర్లు కట్టగట్టి పాల్వంచ తీసుకుపోయి అమ్ముకునేది. అవ్వ ముందు సీట్లో ఎక్కి, చీపుర్లు కాళ్ల మధ్య పెట్టుకుని, బండి కదలగానే నిద్రపోయేది. ఎంత గుంతలో పడినా లేచేది కాదు. "బండి మంచిగుందో లేదో మెకానిక్ చెప్పుడెందుకు, అవ్వ గురక చెప్తది" అని మిగతా డ్రైవర్లు ఆటపట్టించేవాళ్లు. మా ఆయనకు ఆ మాట చాలా ఇష్టం. పైకి అనేవాడు కాదు గాని, సంత రోజున అద్దం తుడవడంలోనే తెలిసేది.

తేడా మొదట పసిగట్టింది అవ్వే. ఒక వారం ఇంటికొచ్చి ఆయన, "అవ్వ ఇయ్యాల పండలే" అన్నాడు, దారంతా కన్ను మూయలేదట. పక్క వారం ఆమె తలుపు పిడి పట్టుకుని కూర్చుందట. ఆ పై వారం, "ఏంది బిడ్డా, బండి ఊగుతాంది" అని అడిగిందట.

"స్టీరింగు అరిగింది అవ్వా" అని ఈయన చెప్పాడు. అవ్వ నమ్మిందో లేదో తెలియదు. మిగతావాళ్లు నమ్మలేదు. ఊగుతున్నది బండి కాదు, బండి తోలేవాడే అన్నారు. దానికీ ఒక కారణం ఉంది. జీలుగు చెట్టు గీసే రోజుల్లో గూడేల వాళ్లు బండి ఆగగానే ఆకు దొన్నెలో కల్లు పోసి తెచ్చి డ్రైవరుకు ఇస్తారు. వచ్చినవాడికి ఇవ్వడం వాళ్ల మర్యాద, వద్దంటే చిన్నబుచ్చినట్టే. ఈయన ఆ దొన్నె అందుకుని, వాళ్లలాగే నాలుగు చుక్కలు నేల మీద వదిలి, మిగిలింది పక్కన కూర్చున్నవాడి చేతికిచ్చేవాడు. ఈ సంగతి ఆయనే నాకు చెప్పాడు. కానీ దూరం నుంచి చూసేవాళ్లకు దొన్నె అందుకోవడం ఒక్కటే కనబడుతుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు; ఈయన జీలుగు చెట్టు కింద నిలబడి కల్లు దొన్నే పట్టుకున్నాడాయె.

మిషను దగ్గరకు జాకెట్లు తెచ్చే ఆడవాళ్లు నాతో సూటిగా ఏమీ అనేవాళ్లు కాదు. "మీ ఆయన మంచిగనే ఉంటున్నడా" అని కొలతలిస్తూ అడిగేవాళ్లు. "మంచిగ లేక ఏమైతడు" అని నేను కసిరేదాన్ని. కసిరి, వాళ్లు పోయాక, మిషను తొక్కడం ఆపి వాకిలి వైపు చూస్తూ కూర్చునేదాన్ని. అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే పీట వేసుకుని కూర్చుంటుంది. పెళ్లయిన కొత్తలో ఆయన తాగి వచ్చి గడప దగ్గర కూర్చుని చెప్పులు విప్పుకోలేక అవస్థ పడిన రోజులు నాకు గుర్తున్నాయి. మళ్లీ ఆ రోజులు రానిచ్చే ఓపిక నాలో లేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే: పట్టు తప్పింది బండా, మనిషా.

ఆయన రాగానే చెంబుతో నీళ్లు తీసుకుని ఎదురు పోవడం మొదలుపెట్టాను. అంతకు ముందు నీళ్లు గోళెంలో ఉండేవి, ఎవరి నీళ్లు వాళ్లే ముంచుకునేవాళ్లం. చెంబు అందిస్తూ దగ్గరగా నిలబడి వాసన చూసేదాన్ని. డీజిలు, బీడీ, చెమట. ఒక్కోరోజు చొక్కా మీద ఎక్కడో పుల్లటి వాసన. దొన్నె చేతులు మారేటప్పుడు ఒలికిందా, గొంతులోకి పోయిందా, చొక్కా ఎలా చెబుతుంది? తరవాత దారాలూ గుండీలూ భద్రాచలంలో అయితేనే బాగుంటాయని చెప్పి వారానికి రెండుసార్లు బండెక్కడం మొదలుపెట్టాను. ముందు సీట్లో కూర్చుని ఆయన మొహం వైపు చూస్తూ పోయేదాన్ని. కళ్లు ఎర్రబడ్డాయా, మాట తడబడుతోందా. బండి మాత్రం నిజంగానే ఊగేది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా సీటు అంచు గట్టిగా పట్టుకునేదాన్ని.

ఆయన పాల్వంచలో ఒక మెకానిక్‌కు చూపించాడు. అక్కడే నాకు మొదటిసారి రాక్ అనేదాని సంగతి తెలిసింది. బండి ముందు భాగంలో అడుగున అడ్డంగా ఒక ఇనప గొట్టం, దానిలో పళ్లున్న కడ్డీ ఒకటి ఉంటుంది, రాక్ అంటే అదే. పైన స్టీరింగు తిప్పితే ఆ కడ్డీ అటో ఇటో జరుగుతుంది, దాంతో ముందు టైర్లు తిరుగుతాయి. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కనుక ఆ కడ్డీకి నడిమి పళ్లే అరుగుతాయి. చివర్ల పళ్లు కొత్తగానే ఉంటాయి. పాల్వంచ మెకానిక్ కొత్తది దొరకదన్నాడు, బిగిస్తే సరిపోతుందన్నాడు, బిగించాడు. నడుమ బాగానే పట్టింది. నాలుగు రోజులు బండి బుద్ధిగా నడిచింది.

అయిదో రోజు సంత. నేనూ ఎక్కాను, అవ్వా ఎక్కింది. టేకు ప్లాంటేషను దగ్గర పెద్ద మలుపు. ఆయన స్టీరింగు తిప్పాడు, తిరిగింది, మళ్లీ వెనక్కి రాలేదు. నడుమ వదులని బిగిస్తే, అరగని చివరి పళ్ల దగ్గర పట్టేసింది. ఆయన రెండు చేతులతో గుంజాడు, బ్రేకు తొక్కాడు. బండి రోడ్డు దిగి ఎర్రమట్టి దిబ్బకు ఆనుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కోళ్ల గంప దొర్లి కోళ్లు అడవిలోకి పోతే మగవాళ్లు వాటి వెంట పరుగెత్తారు. అవ్వ మెల్లగా దిగి, చీపురు కట్ట నెత్తిన పెట్టుకుని, మా ఆయన మొహంలోకి ఒకసారి చూసి, నడిచి వెళ్లిపోయింది. బిగించినదాన్ని ఆయన మళ్లీ వదులు చేసుకుని బండి నడిపాడు. తరవాతి సంత రోజున ఆమె మా బండి ముందు నుంచే పోయి బస్సు కోసం నిలబడింది. ఒక్క మాట కూడా అనలేదు. ఏదన్నా అనుంటే బాగుండేదని ఆయన నాతో అన్నాడు. ఆ రోజు సరిగా అన్నం కూడా తినలేదు.

"ఖమ్మం పోదాం. రాక్ మార్పిద్దాం" అన్నాడు.

"పోదాం. తేలిపోతది" అన్నాను నేను.

"ఏంది తేలేది?"

"బండి సంగతి" అన్నాను.

ఖమ్మంలో మా అక్క ఇల్లు ఖానాపురం హవేలిలో. అప్పుడప్పుడే అక్కడ ఇళ్లు లేస్తున్నాయి. నాలుగు ఇళ్లకు పది ఖాళీ జాగాలు, ప్రతి జాగాకూ నాలుగు మూలలా హద్దురాళ్లు. మా బావ ఆఫీసులో పనిచేసేవాడు, పొద్దున్నే స్కూటరు మీద పోయేవాడు. మెకానిక్ షెడ్డు అక్కడికి మైలు దూరంలో. మెకానిక్ పెద్దమనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. మా ఆయన ఆయన్ని భాయ్ అనేవాడు, ఆయన నన్ను చెల్లె అన్నాడు. బండి కింద దూరి, రాక్ విప్పి బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, నాకు చూపించాడు. చివర్ల పళ్లు దువ్వెన పళ్లలా ఉన్నాయి. నడుమ అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

"గిది పెట్టుకొని ఎట్ల నడిపినవ్ అన్నా ఇన్ని దినాలు?" అన్నాడు భాయ్.

నాకు ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. బండిదే తప్పు. ఆ ఇనప ముక్క మూటగట్టుకుని తీసుకుపోయి ములకలపల్లిలో నాలుగు రోడ్ల దగ్గర వేలాడదీయాలనిపించింది.

కానీ భాయ్ అంతటితో ఆగలేదు. "పైన స్టీరింగు గూడ పగిలింది. నా తాన మంచిది ఒకటున్నది, బిగిస్త. పైసలేం వద్దు" అన్నాడు. నిజమే, మా స్టీరింగు రెండుచోట్ల చీలింది. మా ఆయన దానికి నీలం ప్లాస్టిక్ వైరు చుట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోకు" అన్నాను.

"ఎందుకు చెల్లె? చేతికి గుచ్చుకుంటది."

"వద్దంటె వద్దు."

నా గొంతు నాకే గరుగ్గా వినిపించింది. స్టీరింగు మారిస్తే దాని మీద వేసిన ఒట్టు కూడా పాత ఇనప సామానుతో కలిసి తూకానికి పోతుందని నా భయం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు. అడుగున ఏం మార్చుకుంటారో మార్చుకోండి, పైన చెయ్యేసింది మాత్రం అదే ఉండాలి. మా ఆయన పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ఉండనీ భాయ్. ఆమెకు దాంతోటి పనున్నది" అన్నాడు.

కొత్త రాక్ విజయవాడ నుంచి రావాలి. రెండు రోజులు ఆగమన్నాడు భాయ్. ఆగడమంటే నాకు శిక్ష. అక్క వంటింట్లో డబ్బాలన్నీ దించి కడిగాను. కడిగినవి మళ్లీ తుడిచాను. గేటు దగ్గరకు పోయి వచ్చాను. "కూసోవే, కాళ్లకు చక్రాలు కట్టుకొచ్చినవా" అని అక్క విసుక్కుంది. ఉత్తగా తిరిగే బదులు తన కొత్త కుట్టుమిషను మీద జాకెట్టు ఒకటి కుట్టిపెట్టమంది. ఆ మిషను ఒంటి మీద గీత కూడా పడలేదు, కాలు ఆనిస్తే చాలు గాలిలా తిరుగుతోంది. నేను సంబరంగా కూర్చుని కుట్టాను. తీసి చూస్తే కుట్టు అంచు వెంట పోకుండా ఎడమకు పోయింది. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ ఎడమకే.

"ములకలపల్లి టైలరమ్మ కుట్టు గిట్లనే ఉంటదా?" అంది అక్క.

మనసు మనసులో లేదు, అందుకే అనుకున్నాను. అసలు కారణం అది కాదని మర్నాటికి గాని తెలియలేదు.

నా మనసు అలా ఉండడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఆ పొద్దున రాక్ వచ్చిందేమో కనుక్కుందామని ఇద్దరం షేరాటోలో షెడ్డుకు పోయాం. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఆటో కదిలినప్పటి నుంచీ ఆ చేతులు సన్నగా కదులుతూనే ఉన్నాయి. తాగేవాళ్లకు మందు పడకపోతే చేతులు వణుకుతాయని మా ఊళ్లో అందరూ అనుకునే మాటే. రాక్ పళ్లు చూసి లేచి వచ్చిన ప్రాణం ఆ ఆటోలోనే మళ్లీ కూలబడింది. అక్క ఇంట్లో రెండు రోజులు, చుక్క దొరకలేదు, అందుకే వణుకు అనుకున్నాను. రాకూ అరిగింది, మనిషీ జారాడు. రెండూ నిజం కాకూడదని ఎక్కడ రాసి ఉంది?

మూడో రోజు పొద్దున రాక్ బిగించారు. భాయ్ వెనక టైరు నుంచి ముందు టైరు దాకా పురికొస లాగి కట్టి, వంగి, ఒక కన్ను మూసి, రెండు వైపులా చూసుకున్నాడు. దారానికి టైర్లు సమంగా ఆనితే బండి తిన్నగా పోతుందట. మూడుసార్లు విప్పి బిగించి, చివరికి దారం చుట్టి జేబులో పెట్టుకుని, "నడుపు అన్నా" అన్నాడు. మా ఆయన ఎక్కాడు. భాయ్ పక్కన కూర్చున్నాడు, నేను వెనక.

ఖాళీ జాగాల మధ్య మట్టిరోడ్డు, మనుషులు తక్కువ. బండి కదిలిందో లేదో కుడికి పోయింది. అక్కణ్ణుంచి ఎడమకు. మళ్లీ కుడికి. ఎన్నడూ లేనంతగా ఊగింది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న పెద్దమనిషి సైకిలు వదిలేసి పక్కకు దూకాడు. "ఆపు, ఆపు" అన్నాడు భాయ్. దిగి, బండి కింద మళ్లీ చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. ఈసారి తానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి నూలు పట్టినట్టు పోయింది. మధ్యలో ఒకసారి స్టీరింగు వదిలేసి చేతులు కట్టుకుని కూడా చూపించాడు. అయినా తిన్నగానే పోయింది.

బండి ఆగింది. ఇంక చెప్పడానికేముంది. బండి బాగుంది. బాగాలేనిది ఒక్కటే మిగిలింది.

అప్పుడు భాయ్ దిగి, ఏదో పానా అడుగుతున్నట్టు మా ఆయన దగ్గరికి వచ్చి, మొహానికి దగ్గరగా వంగి, మెల్లగా ఊపిరి లోపలికి పీల్చాడు.

నెలల తరబడి నేను చెంబు పట్టుకుని చేసిన పని అదే. కానీ నేను చేస్తే ఒకటి, పరాయివాడు చేస్తే ఒకటి. నా ఒళ్లు మండిపోయింది. అంత కోపం ఆయన నిజంగా తాగిన రోజుల్లో కూడా రాలేదు నాకు. "ఏంది భాయ్ జూస్తున్నవ్? తెల్లారినప్పటి సంది నా పక్కనే ఉన్నడు. ఉప్మా తిన్నడు, చాయ్ తాగిండు. ఇంకేం లేదు" అన్నాను. అలా గట్టిగా అన్నాక గాని నా మాట నాకే వినబడలేదు. నిజమే కదా. తెల్లారినప్పటి నుంచీ పక్కనే ఉన్నాడు. నిన్నా పక్కనే, మొన్నా పక్కనే. తాగలేదు. ఆకలేసినవాడిలా అన్నం తిన్నాడు, అలసినవాడిలా పడుకున్నాడు, చుక్క కోసం తపించిన మనిషి అలా ఉండడు. తాగకపోతే బండి ఎందుకు ఊగింది?

"ఎక్కు" అన్నాను ఆయనతో. "మళ్ల నడుపు. ముందల నేను కూసుంట."

"ఇంకేం జూస్తవే" అన్నాడాయన. ఆ గొంతులో నీరసం విని నాకు దుఃఖం వచ్చింది. అయినా పట్టువదల్లేదు. ఆయన ఎక్కాడు.

ఈసారి నేను మొహం వైపు చూడలేదు. మొదటిసారి చేతుల వైపు చూశాను. బండి కదలగానే ఆ చేతులు పని మొదలుపెట్టాయి. జానెడు ఎడమకు, జానెడు కుడికి, మళ్లీ ఎడమకు, ఒక్క క్షణం ఆగకుండా, బియ్యం చెరుగుతున్నట్టు. అవి ముందు కదులుతున్నాయి, వాటి వెనక బండి ఊగుతోంది. ఆటోలో మోకాళ్ల మీద నేను చూసిన వణుకు ఇదే. అది వణుకు కాదు. ఆటో తోలుతున్నది ఎవడైనా, నా మొగుడి చేతులు మా బండి తోలుతున్నాయి.

నాకు అక్క జాకెట్టు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్న నా పాత మిషను గుడ్డను కుడికి గుంజుతుంది. అందుకని నేను ఎడమకు లాగిపట్టి కుడతాను. ఎన్నేళ్ల నుంచో అలా లాగుతున్నాను, లాగుతున్నానని కూడా మరిచిపోయాను. కొత్త మిషను గుడ్డను గుంజదు. నేను లాగడం మానలేదు. కుట్టు ఎడమకు పోక ఎటు పోతుంది?

"ఆపు. తిప్పకు" అన్నాను.

"తిప్పకుంటె పక్కకు వోతది."

"పోదు. పోయేది పాతది. ఇది పోదు. చేతులు తియ్యి."

ఆయన నమ్మలేదు. ఆ స్టీరింగు నుంచి చేతులు తీయడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. అయినా నా మొహం చూసి, పొయ్యి మీది గిన్నె దించినట్టు, రెండు చేతులూ పైకి లేపాడు. బండి హద్దురాళ్ల మధ్య మెల్లగా, తిన్నగా పోయింది. ఆయన ముందుకు చూడకుండా ఆ రెండు అరచేతులనే చూసుకున్నాడు. జాకెట్టు సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బండి ఆపి, "గట్లనా" అన్నాడు.

వెనక సీట్లో కూర్చున్న భాయ్ విని తలకాయ ఊపాడు. వాసన చూసినందుకు సిగ్గుపడ్డాడు కూడా. "అన్న చేతులు ఇంక పాత రాక్ మీదనే ఉన్నయి చెల్లె. ఖాళీ బండి తిప్పుకోనీ. జల్దీ చేయకుర్రి" అన్నాడు.

ఆ పాత రాక్‌తో బండి అంత మాత్రమన్నా తిన్నగా పోయిందంటే ఆ చేతుల వల్లే. నడిమి పళ్లు లేని బండిని, పన్నెండు మందితో, అంతంత గుంతల్లో, క్షణం ఆపకుండా తిప్పుతూ రోడ్డు మీద నిలబెట్టాడు. ఊగింది అందరికీ కనబడింది. ఊగకుండా పట్టుకున్నది ఎవరికీ కనబడలేదు. పక్కన కూర్చున్న నాకే కనబడలేదు. నేను ఆయన నోటి వైపే చూశాను.

రెండు రోజులు ఆ ఖాళీ జాగాల చుట్టూ తిరిగాం. బడిపంతులు నేను, బడిపిల్లవాడు ఆయన. ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని కుడిచేత్తో మాత్రమే నడపమన్నాను. చెయ్యి ఊరికే కదిలితే అక్క కొలతల కర్రతో వేళ్ల మీద కొట్టేదాన్ని. "కొట్టకే, బండి నాదే" అనేవాడు. "చేతులు నీయి కావు. కుక్క తోక లెక్క ఆడిస్తున్నవ్" అనేదాన్ని. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం అంతసేపు ఒకచోట కూర్చున్నది అప్పుడే. రెండో రోజు సాయంత్రానికి చెయ్యి ఆగింది. ఆగిన చెయ్యి చూస్తే నాకు కొత్తగా అనిపించింది.

తిరుగు ప్రయాణం సంత రోజున పడింది. కొత్తగూడెం దాటి పాల్వంచ చేరేసరికి మధ్యాహ్నం. బస్సు ఆగే చోట అవ్వ నిలబడి ఉంది, చీపుర్లు అమ్ముడైనట్టున్నాయి, చేతిలో ఉప్పు మూట ఒక్కటే. మా ఆయన బండి ఆపాడు గాని పిలవలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. అవ్వే వచ్చి అద్దంలోంచి తొంగి చూసింది.

"బాగయిందా బిడ్డా?"

"అయింది అవ్వా."

అవ్వ ఆ మాటతో ఆగలేదు. పక్కన ఉన్న నన్ను చూసింది. "నువ్వు ఖమ్మం కెల్లి గీండ్లనే వచ్చినవా?" అని బండి తలుపు తట్టి అడిగింది.

"అవ్ అవ్వా. గీండ్లనే వచ్చిన" అన్నాను. నేను దిగి వెనక్కి పోయాను. అవ్వ ముందు ఎక్కింది.

పాల్వంచలో ఇంకొందరు ఎక్కారు. అంతకు ముందంత మంది కాదు, నలుగురైదుగురు. అడవి మొదలైంది. టేకు ప్లాంటేషను మలుపు వచ్చినప్పుడు అవ్వ చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. ఆయన స్టీరింగు తిప్పాడు, తిరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకో మలుపు. ఇంకొకటి. అవ్వ చెయ్యి పిడి మీద నుంచి ఒళ్లోకి జారింది. నేను వెనక నుంచి ఆయన చేతులనే చూస్తున్నాను. నీలం వైరు మీద అవి కదలకుండా ఉన్నాయి. వాగు దగ్గరికి వచ్చేసరికి అవ్వ తల పక్కకు వాలింది. గురక వినబడింది.

ఆయన కళ్లు లేపి ముందరి చిన్న అద్దంలో నన్ను చూశాడు.

"అవ్వ పండింది" అన్నాడు మెల్లగా. "నువ్వెప్పుడు పంటవే?"

చెంబుతో నీళ్లు ఎందుకు తెచ్చానో ఆయనకు తెలుసు. భద్రాచలం గుండీలు ఎందుకో తెలుసు. పాత స్టీరింగు ఎందుకు మార్చొద్దన్నానో షెడ్డులో నిలబడి చూసినప్పుడే తెలుసు. అన్నీ తెలిసి, ఇన్ని నెలలూ, ఒక్కసారి కూడా తాగలేదని చెప్పలేదు. ఒకసారి చెయ్యేసి చెప్పాడు. మళ్లీ చెప్పడమేమిటని ఊరుకున్నాడు.

నేను సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను. నిద్రెక్కడిది, నాకు ఇంట్లోనే సరిగా పట్టదు. ఎదురుగా వెదుళ్ల లోడు లారీ హారను వినిపించింది. దగ్గరకు వచ్చింది. మా బండి ఎడమకు ఒరిగింది, టైర్ల కింద కంకర గరగరమంది, లారీ గాలి నా మొహానికి కొట్టి పోయింది. బండి మళ్లీ తారు మీదికి ఎక్కింది. నేను కళ్లు తెరవలేదు.